అయిదు మాటలు

"అడగరా మావా," అన్నాడు సుహాస్, ఫయాజ్ ఇంకా బూట్లయినా విప్పకముందే.

"ఆగరా బాబూ. రీడింగ్ ఊళ్లో మొదటి రైలెక్కి వస్తున్నా. కాస్త టీ తాగనీ."

"తర్వాత తాగుదువుగాని. టెస్టు అడుగు. రేపే ఫైనల్."

మిట్టమధ్యాహ్నమైనా గది కర్టెన్లు మూసే ఉన్నాయి. వెలుతురు పడితే సుహాస్‌కి తల పగిలిపోతుంది. మంచం అంచున కూర్చుని నీలిమ తమ్ముడికి పప్పన్నం ముద్దలు పెడుతోంది. గడ్డాలూ మీసాలూ వచ్చినవాడికి ముద్దలేమిటని నవ్వేవాళ్లు నవ్వుకోనీ, అమ్మ పోయాక వాడికి అమ్మ ఆమే. న్యూకాసిల్‌లో నర్సుగా స్థిరపడగానే పట్టుబట్టి వాణ్ణి మాస్టర్స్‌కి ఇక్కడికే రప్పించుకుంది.

"ఆ జెర్సీ ఉతుకుతానంటే విప్పడు ఫయాజ్. నువ్వైనా చెప్పు," అంటూ లేచి చెయ్యి కడుక్కుంది. "నాకు డ్యూటీ ఉంది, షిఫ్టులు మార్చేశారు. మిగతా అన్నం నువ్వు తినిపించు. నువ్వొస్తేనే వాడికి హుషారు."

గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగింది.

"ఇంతకీ ఏంట్రా మీ ఇద్దరి అంబ్రెల్లా, లెమన్ గోల?"

"మా టీమ్ కోడ్ అక్కా," అన్నాడు ఫయాజ్, కంచంలోకి చూస్తూ.

తలుపు పడింది. ఫయాజ్ తన పలచబడ్డ జుట్టులోకి వేళ్లు పోనిచ్చి, ఆమె లేచిన చోట మంచం అంచున కూర్చున్నాడు. అక్కకి నిజం చెప్పాలని ప్రతిసారీ అనుకుంటాడు. ప్రతిసారీ ఇలాగే ఏదో చెప్పి దాటేస్తాడు.

గుంటూరులో కబడ్డీ ఆడిన సుహాస్‌ని యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు ఎగరేసుకుపోయింది. అక్కడే చదువుతున్న ఫయాజ్‌ది ఆ జట్టుకు నీళ్ల సీసాలు మోసే పని. కోచ్ అమెరికావాడు. వాళ్ల నాన్న కాలేజీ జట్టు ఫోటో ఒకటి ఎప్పుడూ అతని సంచిలో ఉండేది. పంతొమ్మిది వందల యాభై మూడు, తొమ్మిది మ్యాచ్‌లకు తొమ్మిదీ గెలిచిన సీజన్. ముందు వరసలో ఒక కుర్రాడి తలకు కట్టు ఉంటుంది. "వీడు తల పగిలినా ఆఖరి మ్యాచ్ ఆడాడు," అని మ్యాచ్ మ్యాచ్‌కీ చూపించేవాడు కోచ్. ఆ తర్వాత ఆ కుర్రాడేమయ్యాడో కోచ్ చెప్పలేదు, వీళ్లూ అడగలేదు.

సెమీఫైనల్లో అవతలివాడొకడు ఎద్దులా వచ్చి గుద్దితే సుహాస్ నిమిషం పాటు కళ్లు తెరవలేదు. జట్టు ఫిజియో ఖరాకండిగా చెప్పేశాడు. శనివారం మెదడు పరీక్ష పెడతాడు, అందులో తప్పితే ఆదివారం ఫైనల్ ఆడనివ్వడు.

ప్రశ్నల కాగితం ఫిజియో బల్ల మీదే ఉంది. ఫయాజ్ ఫోన్‌తో ఫోటో తీశాడు. ఇంటర్ రెండేళ్లూ హాస్టల్లో వాళ్లిద్దరికీ నూరిపోసింది ఒక్కటే, పేపరు దొరికిందా, బట్టీ పట్టెయ్. ఈ పేపరు చదువును కాదు, పుర్రెలోపలి దెబ్బను కొలుస్తుందని ఇద్దరిలో ఒక్కడికీ తట్టలేదు. అందులో గుర్తుపెట్టుకోవాల్సిన అయిదు మాటలు సుహాస్ మరిచిపోకుండా ఫయాజ్ కథ కూడా కట్టాడు. అంబ్రెల్లా పట్టుకుని, లెమన్ కోద్దామని ల్యాడర్ ఎక్కినవాడు బ్లాంకెట్ మీద పడితే, బెల్ మోగింది.

"అడగరా!"

ఫయాజ్ పర్సులోంచి కాగితం తీశాడు. మడతల దగ్గర చిరిగిపోయి ఉంది.

"అయిదు మాటలు చెప్పు." ఒక్కటి తప్పు చెప్పరా, ఒక్కటంటే ఒక్కటి అని లోపల అల్లాను వేడుకున్నాడు.

"అంబ్రెల్లా, లెమన్, ల్యాడర్, బ్లాంకెట్, బెల్."

"నెలలు, వెనకనుంచి."

"డిసెంబర్, నవంబర్, అక్టోబర్..." జనవరి దాకా ఎక్కడా తడబడలేదు. "పాసయ్యానా?"

"పాసయ్యావురా."

"చూశావా! కోచ్‌కి చెప్పు, నేను రెడీ అని. అక్కకి మాత్రం ఈ కాగితం సంగతి చెప్పకు."

"చెప్పను."

"ఎనిమిది గెలిచాం మావా. రేపటిది కూడా కొడితే తొమ్మిదికి తొమ్మిది. మనకూ ఫోటో తీస్తారు. నువ్వు నా పక్కనే నిలబడాలి."

"నిలబడతాలే. నోరు తెరువు."

ఫయాజ్ ముద్ద పెట్టి, అతని మూతి తుడిచాడు. కొన్ని మెతుకులు ముప్ఫై నాలుగో నంబరు జెర్సీ మీద పడ్డాయి. కళ్లలో నీళ్లు ఆపుకోలేక మొహం కర్టెన్ల వైపు తిప్పుకున్నాడు.

"ఏడుస్తావేంట్రా పిచ్చోడా? రేపొక్కరోజేగా!"

ఫైనల్లో సుహాస్ తలకు రెండో దెబ్బ తగిలిన ఆ ఆదివారం గడిచి ఆరేళ్లయింది.