లైను బాగుందన్న మిషను

నెట్ రావడం లేదని కంప్లైంటు ఇచ్చాను. ఎప్పుడూ మనిషి పలికి లైన్‌మన్ ఢిల్లేశ్వర్‌ని పంపేవాడు. ఈసారి మిషను పలికింది. "మీ లైను పరీక్షించాం, బాగానే ఉంది" అని ఫోన్ పెట్టేసింది.

మళ్లీ చేస్తే మళ్లీ అదే మాట. ఇక ఢిల్లేశ్వర్‌కే ఫోన్ చేశాను.

"భోజనానికి రా బాబూ."

"డ్యూటీ పిన్నీ. కంప్లైంటు లేకుండా మీ క్యాంప్ వన్ వైపు ఎలాగొస్తాను?"

"ఇస్తుంటే మిషను ఒప్పుకోవడం లేదురా!"

వాడు పకపకా నవ్వాడు. "నెట్ డబ్బా వెనకాల సన్న తీగుంటాది. అది పీకీసి ఫోన్ చెయ్యి."

పీకి ఫోన్ చేశాను. లైను పోయింది, మనిషిని పంపుతున్నాం అంది మిషను.

మధ్యాహ్నం వాడొచ్చి తీగ పెట్టి, కాళ్లు కడుక్కుని విస్తరి ముందు కూర్చున్నాడు.

"నెలనెలా ఇదే తిథికి నీ లైను పోతాదేటి పిన్నీ?" అన్నాడు, తెలిసే.

మా ఇంట్లో నెట్ వాడినవాడు నా కొడుకు ఉదయ్ ఒక్కడే. వాడు పోయిన తిథి ఇది. వాడి పేరున ఒకరికి కడుపునిండా పెట్టాలి. వీళ్లిద్దరూ ఒక్క టిఫిన్ డబ్బాలో తిన్నవాళ్లు.

"ఉదయ్‌గాడు తినే కారం నాను తినలేను. వచ్చే నెల తగ్గించు."

"తగ్గించను."

ఢిల్లేశ్వర్ కళ్లు తుడుచుకుని, ఇంకో చేపముక్క వెయ్యమన్నాడు.