హార్డ్ బ్యాచ్

"మామయ్యగారూ, మీరు ఈజీ బ్యాచ్."

శ్రీరామ్ ఆ మాట మెల్లగానే అన్నాడు. కాని పార్కింగ్ లాట్‌లో ఉన్న అందరికీ వినిపించింది.

ఆదిశేషు మెరూన్ స్వెటర్ చేతులు మోచేతుల దాకా లాక్కున్నాడు.

కొలరాడో కొండల్లో లాంగ్ వీకెండ్. అల్లుడు మ్యాప్ పరిచి, ఆఫీసులో పని పంచినట్టు మనుషుల్ని పంచేశాడు. కూతురు మృదుల, మనవరాలు ఇషా జలపాతం దాకా. తనూ, స్నేహితుడు నిశాంత్ శిఖరం దాకా. అత్తమామలు సరస్సు చుట్టూ.

"నేను హార్డ్," అన్నాడు ఆదిశేషు.

"నాన్నా, గుండెకి స్టెంట్ వేసి రెండేళ్ళు కూడా కాలేదు," అంది మృదుల.

"వేసింది నడవడానికే."

భార్య ప్రమోద వద్దనలేదు. రాత్రంతా ఆయన తలనొప్పితో అటూ ఇటూ దొర్లడం ఆమెకి తెలుసు. పొద్దున్నే దొంగచాటుగా మాత్ర మింగడం కూడా చూసింది. పిల్లల ముందు ఆ సంగతి ఎత్తితే ఇంకా మొండికేస్తాడు.

"ఏమండీ, నాకు తోడుగా రాకూడదూ?"

"చెరువు చుట్టూ ప్రదక్షిణ చేయడానికా మిషిగన్ నుంచి వచ్చింది?"

రిటైరైన దగ్గర్నుంచి ఆయన ఇంతే. ఫార్మింగ్టన్ హిల్స్‌లో కార్ల కంపెనీ వదిలాక కాలు ఓ చోట నిలవడం లేదు. గరాజ్ సర్దిందే సర్దుతాడు. ఎవరైనా కూర్చోమంటే ఒళ్ళు మండిపోతుంది.

పక్క కారు దగ్గర బూట్లు బిగించుకుంటున్న మనిషి తలెత్తాడు. సన్నగా ఉన్నాడు. నలభై దాటి ఉంటాయి.

"నమస్తే సార్. నా పేరు లక్ష్మీపతి. ఒక్కణ్ణే వచ్చాను. మీతో పాటు పైకి రావచ్చా?"

"హార్డ్ ట్రెయిల్ అండీ," శ్రీరామ్ వాచీ చూసుకున్నాడు. "మధ్యాహ్నం ఉరుములు స్టార్ట్ అవుతాయి. ఫాస్ట్‌గా నడవాలి."

"ట్రై చేస్తాను."

నలుగురూ బయల్దేరారు.

కాసేపటికే ఆదిశేషుకి తల దిమ్మెక్కింది. ఎంత పీల్చినా గాలి చాలడం లేదు. ఎవరూ కనిపెట్టకుండా కెమెరా తీసి, లేని పక్షిని ఫోటో తీస్తున్నట్టు ఆగాడు.

"సార్, ఒక్క నిమిషం."

వెనక లక్ష్మీపతి రాయి మీద కూలబడ్డాడు.

"అప్పుడేనా?" అన్నాడు శ్రీరామ్.

లేచారు. మలుపు తిరిగారు. లక్ష్మీపతి మళ్ళీ కూలబడ్డాడు. నీళ్ళ సీసా తీసి ముందు ఆదిశేషుకిచ్చాడు.

"మీరూ తాగండి సార్. నేనొక్కణ్ణే తాగాలంటే మొహమాటంగా ఉంది."

శ్రీరామ్ మబ్బుల వంక చూస్తూ అటూ ఇటూ పచార్లు చేస్తున్నాడు. "ఇలాగైతే టాప్‌కి రీచ్ అవ్వం."

ఆదిశేషుకీ చిరాకేసింది. నిజానికి ఆ రాయి మీద కూర్చుంటే ప్రాణానికి హాయిగా ఉంది. హాయిగా ఉన్నందుకు చిరాకు రెట్టింపయింది.

"ఏమయ్యా, ఓపిక లేనివాడివి ఈ బ్యాచ్‌లోకి ఎందుకొచ్చావు?"

"తప్పే సార్."

చెట్లు అయిపోయాయి. ఇక అంతా రాళ్ళే. ఎదురుగా శిఖరం, చెయ్యి చాస్తే అందేలా ఉంది. దాని మీద నిలబడి ఫోటో దిగాలి. తను ఇంకా అయిపోలేదని ఊళ్ళో అందరికీ తెలియాలి. ఆదిశేషు రొప్పుతూ అడుగు వేశాడు. కాలు తడబడింది.

అదే క్షణంలో లక్ష్మీపతి కణతలు పట్టుకుని కూర్చుండిపోయాడు.

"ఇక నా వల్ల కాదు సార్. కళ్ళు తిరుగుతున్నాయి. ఒక్కణ్ణే దిగాలంటే భయం."

"నేను దింపుతాను," అన్నాడు శ్రీరామ్, మనసు లేకుండానే.

"మీరెందుకండీ, కుర్రవాళ్ళు." లక్ష్మీపతి ఆదిశేషు వంక చూశాడు. "సార్ పక్కనుంటే నాకు ధైర్యంగా ఉంటుంది."

ఆదిశేషు శిఖరం వంక చూశాడు. ఏడుపొచ్చినంత పనైంది.

"మీరు పదండి," అన్నాడు అల్లుడితో. "ఈయన సంగతి నేను చూసుకుంటాను."

మామగారు దిగుతున్నాడంటే శ్రీరామ్‌కి గుండెల మీద బరువు దిగినట్టయింది. నిశాంత్‌తో చకచకా పైకి నడిచాడు.

దిగుతున్నంత సేపూ ఆదిశేషు లక్ష్మీపతి భుజం వదల్లేదు. నోరు కూడా ఆపలేదు.

"రోజూ వాకింగ్ చెయ్యి. రాత్రిళ్ళు అన్నం మానెయ్యి. శక్తికి మించిన పనులు పెట్టుకోకు."

"అలాగే సార్."

సగం దిగాక లక్ష్మీపతి పక్కకి తిరిగి, ఫోన్‌లో ఇంగ్లీషులో రెండు ముక్కలు మాట్లాడాడు.

కింద ప్రమోద బెంచీ మీద నుంచి లేచి పరుగులాంటి నడకతో వచ్చింది.

"ఈయనకి బాగాలేదు," అన్నాడు ఆదిశేషు గర్వంగా. "నేనే తీసుకొచ్చాను."

పార్కింగ్ లాట్ అవతల చిన్న క్లినిక్ ఉంది. గుమ్మం దగ్గర లక్ష్మీపతి ఆగాడు.

"మీరు లోపల చెబుతూ ఉండండి సార్. బూట్లకి బురద, దులుపుకుని వస్తాను."

లోపల నర్సు కుర్చీ వేసి ఉంచింది. పక్కన ఆక్సిజన్ సిలిండర్ ఉంది.

"పేషెంట్ బయట ఉన్నాడు," అన్నాడు ఆదిశేషు.

"మెరూన్ స్వెటర్. మీరే కదా?" ఆమె ఆయన్ని కూర్చోబెట్టి వేలికి ఆక్సిజన్ కొలిచే క్లిప్ పెట్టింది. అంకె చూసి, వెంటనే ముక్కుకి మాస్క్ తగిలించింది.

లోపలికి వచ్చిన డాక్టరు ప్రమోదతో అన్నాడు. "ఈ ఎత్తు ఈయనకి పడలేదు. ఇంకాస్త ఎక్కి ఉంటే ఈయన నడిచి దిగేవారు కారు."

ప్రమోద కుర్చీ చేతిని గట్టిగా పట్టుకుంది.

ఆదిశేషు కిటికీలోంచి చూశాడు. లక్ష్మీపతి వీపున పెద్ద సంచీతో అదే హార్డ్ ట్రెయిల్ ఎక్కుతున్నాడు. ఎక్కడా ఆగడం లేదు.

తను అన్న మాటలు గుర్తొచ్చి ఆదిశేషు ముఖం సిగ్గుతో కాలిపోయింది. లేవబోయాడు. నర్సు భుజం మీద చెయ్యి వేసి ఆపింది.

"మబ్బు పట్టింది కదా, మీ అల్లుడి కోసం వెళ్తున్నాడు," అంది. "కదల్లేని వాళ్ళని మోసుకుంటూ ఈ కొండ దింపే మా రెస్క్యూ టీమ్‌కి లీడర్ ఆయనే, మీరు మీ కోసమైతే దిగరు, ఇంకొకరి కోసమైతే దిగుతారని పొద్దున మీ మాటలు వినగానే అనుకున్నాడట."