చుక్కకూర మడి

"ఆకు చూపించకుండా మందు అడగొద్దని మొన్నే చెప్పానా లేదా?" పురుగుమందుల కొట్టాయన కసురుకున్నాడు.

టైలరు జేబులోంచి కాగితం పొట్లం తీసి బల్ల మీద విప్పాడు. అందులో నాలుగు లేత చుక్కకూర ఆకులున్నాయి. నాలుగింటికీ అంచులు గుండ్రంగా తెగిపోయి ఉన్నాయి, చొక్కాకి మెడ కత్తిరించినట్టు.

"అందుకే తెచ్చానండీ. మందు మాత్రం నిన్ననే మీ తమ్ముడిచ్చాడు. పొద్దున్నే మడంతా కొట్టేశాను కూడా."

"ఏ మందు?"

"ఎర్ర మూత సీసా."

కొట్టాయన రాస్తున్న కలం ఆపేశాడు. "వాడికి బుద్ధి లేదు సరే, నీకేమొచ్చింది? అది ఇంటి పెరట్లో కొట్టే మందా?"

"మరేం చెయ్యమంటారు? బూడిద చల్లాను. వల కట్టాను. ఆకు ఆకూ తిరగేసి చూశాను. ఒక్క పురుగు కనపడితే ఒట్టు! నెల తిరక్కుండానే సగం మడి ఖాళీ."

ప్రాణం పెట్టి పెంచుకున్న మొక్కలు. రోజుకిన్ని పోతున్నాయి. "ఈసారి మాత్రం అది చావాల్సిందే," అన్నాడు పళ్ళు నూరుతూ.

కొట్టాయన భూతద్దం తీసి ఒక ఆకును వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాడు. తర్వాత రెండోది. తర్వాత మూడోది.

ఇంతలో టైలరు ఫోన్ మోగింది. భార్య.

"ఏవండీ, ఆ మాయదారి పురుగు మళ్ళీ వచ్చింది! ఇందాకే మూడు మొక్కలు కొరికేసింది. మందు తడి ఇంకా ఆరనే లేదు."

టైలరు ముఖం వెలిగిపోయింది. "తిననీ! దాని పని అయిపోయినట్టే. నువ్వు మాత్రం అటువైపు వెళ్ళకు."

"నాకేం పని? గుండీలు కుట్టుకుంటూ కూర్చుంటా. పాప కూడా గొడవ చెయ్యకుండా నిద్రపోయింది."

"పాప నిద్రపోయిందా? ఈ వేళప్పుడా? మంచిదే, నీ పని సాగుతుంది."

ఫోన్ జేబులో పెట్టుకుని నవ్వుతూ ఇటు తిరిగాడు. "తిక్క కుదిరింది దానికి! ఇంతకీ ఏ పురుగండీ అది?"

కొట్టాయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. భూతద్దం అతనికి అందించాడు.

"పాపను లేపమని చెప్పవయ్యా, ముందు! ఇవి పాలపళ్ళ గాట్లు."