ఆదివారం నడక

మంచు సన్నగా కురుస్తోంది. రోడ్డు వారగా మణి నడుస్తోంది. ఆమె వెనకే, మనిషి నడకంత నెమ్మదిగా, సామ్యూల్ కారు వస్తోంది.

అతను అద్దం దించి పిలిచాడు.

"మణీ, నేలంతా జారుడుగా ఉంది. ఇవాళ ఒక్కరోజుకి ఎక్కు."

మణి చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో ఎత్తి పట్టుకుని ముందుకే పోయింది.

కిందటేడు ఈ దంపతులు అమెరికాలోని ట్రాయ్‌కి వచ్చినప్పటి నుంచీ ప్రతి ఆదివారం ఇదే తంతు. చర్చికి ఆమె నడిచి వెళ్తుంది. వెనకాల అతను కారులో వెళ్తాడు. నిజానికి ఆ కారు కొన్నదే ఆమె కోసం.

మొదట్లో తెలుగు చర్చివాళ్ళు తమ కార్లు ఆపి ఆమెని ఎక్కమనేవారు. ఎందుకు ఎక్కదని అడిగితే సామ్యూలే సర్దిచెప్పాడు. "మా దీవిలో ఆదివారం బండి కదలకూడదండీ. ఆమెకదే అలవాటైపోయింది." ఆ తర్వాత ఎవరూ ఆపలేదు. పైగా మణి అంటే అందరికీ భక్తి కుదిరింది.

వాళ్ళది పసిఫిక్ సముద్రంలో చెరకు పండే ఒక చిన్న దీవి. తాతల కాలంలో కోస్తా నుంచి తోటల్లో కూలికి వెళ్ళిన కుటుంబాలు. సామ్యూల్ అక్కడ సర్కారు ఉద్యోగం చేశాడు. 1987లో సైన్యం గద్దెనెక్కింది. ఆదివారం దేవుడి రోజంటూ చట్టం తెచ్చింది. బస్సు తిరగకూడదు, కొట్టు తెరవకూడదు. పిల్లలు మైదానంలో బంతి ఆడినా తప్పే. బండి తీయాలంటే పోలీసుల పర్మిట్ కావాలి. చేపలవాళ్ళు అమ్ముకునే దారిలేక పట్టిన చేపలు ఒడ్డునే పారబోశారు. ఒక ముసలాయన చెల్లెలి చివరిచూపుకి పక్క ఊరు వెళ్ళలేక అరుగు మీద కూర్చుని ఏడ్చాడు. "దేవుడి పేరు చెప్పి మా నోరు కొడుతున్నారు" అని జనం చాటుగా తిట్టుకునేవారు. ఆ తిట్లన్నీ సామ్యూల్ చెవిన పడ్డవే.

ఇక్కడి చర్చి పెద్ద దైవాశీర్వాదం మాత్రం ఆ చట్టం గురించి విని మురిసిపోయేవాడు. ఆయన కార్ల కంపెనీలో ఇంజనీరు.

"ఇక్కడ సండే వస్తే మాల్‌లో పార్కింగ్ దొరకదు బ్రదర్. గవర్నమెంట్ అంటే మీది! సిస్టర్‌ని చూసి మేం బుద్ధి తెచ్చుకోవాలి."

సామ్యూల్ వేరే మాటెత్తేవాడు.

మలుపు దగ్గర మణి కాలు జారింది. పక్కకి ఒరిగి పడిపోయింది. సామ్యూల్ కారు ఆపి పరుగెత్తాడు. వంగి చేయి అందించాడు.

మణి ఆ చేతిని చూసింది. అందుకోలేదు. మంచులోనే కూర్చుండిపోయింది.

"పట్టుకో మణీ. నీ కాళ్ళు పట్టుకుంటాను, లే."

ఆమె కదల్లేదు.

అంతలో ఇంకో కారు వచ్చి ఆగింది. అందులోంచి లూసీ దిగింది. ఆ పిల్ల నర్సు. వాళ్ళ చర్చికే వస్తుంది.

"అయ్యో ఆంటీ! కాలు ట్విస్ట్ అయినట్టుంది. నా మీద వెయిట్ వేసి మెల్లగా లేవండి."

మణి లూసీ భుజం పట్టుకుని లేచింది. కుంటుకుంటూ వెళ్ళి లూసీ కారులో కూర్చుంది. సామ్యూల్ నడిరోడ్డు మీద అలాగే నిలబడిపోయాడు.

ఆరాధన అయ్యాక చర్చి బేస్‌మెంట్‌లో అందరూ భోజనాలకి చేరారు. మణి కాలు ఎత్తుగా పెట్టి, చీలమండ మీద ఐస్ పెట్టింది లూసీ. ఆడవాళ్ళు చుట్టూ మూగారు. మగవాళ్ళు ప్లేట్లు పట్టుకుని గోడ వారన నిలబడ్డారు. వాళ్ళలో సామ్యూల్ కూడా ఉన్నాడు.

"సారీ ఆంటీ, సండే కారెక్కరని తెలుసు. నా వల్ల మీ నియమం బ్రేక్ అయ్యింది" అంది లూసీ.

"నాకు నియమాలేం లేవమ్మా."

అందరూ ఆమె వైపు తిరిగారు.

"మా అమ్మాయి సువార్తకి ఆదివారం పొద్దున్నే నొప్పులొచ్చాయి" అంది మణి.

సామ్యూల్ తినడం ఆపాడు. కూతురి పేరు ఆమె నోట విని ఎన్నాళ్ళయిందో. అక్కణ్ణించి వెళ్ళిపోదామనుకున్నాడు. కానీ ప్లేటు పట్టుకుని అక్కడే ఉండిపోయాడు.

"బిడ్డ అడ్డం తిరిగింది, పెద్దాస్పత్రికి తీసుకుపొమ్మంది మంత్రసాని. ఎదురింటి జగన్మోహన్ టాక్సీ గుమ్మంలోనే ఉంది. పర్మిట్ లేకుండా తీస్తే టాక్సీ లాక్కుని జైల్లో పెడతారు. పాపం, స్టేషన్‌కి పరుగున పోయాడు. ఇన్‌స్పెక్టర్ ఇవ్వనన్నాడు. ఇన్నాళ్ళూ ఎవరికీ ఇవ్వలేదు, ఇప్పుడిస్తే ఊరు నన్నేమనుకుంటుంది అన్నాడట."

"తర్వాత?" అంది లూసీ.

"మంచం మీద పడుకోబెట్టి మోసుకెళ్ళాం. చెరకు తోటలు దాటాం. ఇంకెంత దూరమే అమ్మా అని అడుగుతూనే ఉంది. వంతెన దగ్గర అడగడం మానేసింది. బిడ్డా దక్కలేదు."

లూసీ ఆమె చేయి పట్టుకుంది. దైవాశీర్వాదం ప్లేటు బల్ల మీద పెట్టేశాడు.

"ఇదా దేవుడి చట్టం! గవర్నమెంట్ సంగతి సరే, ఆ ఇన్‌స్పెక్టర్ మనిషేనా? వాడికి ఆడపిల్లలు లేరా సిస్టర్?"

"ఉండేదండీ, ఒక్కతే," అంది మణి, గోడ వారన నిలబడ్డ భర్తనే చూస్తూ, "సువార్త."