గిజిగాడి గూట్లో పిచ్చుక కాపురం

వాగు ఒడ్డున ఈతచెట్టుకు గిజిగాడు అల్లిన గూట్లో ఒక పిచ్చుక కాపురం పెట్టింది. ఆ గూడు చూస్తే కళ్లు చెదిరేవి. షరతు ఒక్కటే. గిజిగాడి గడ్డి తప్ప పరాయి పరక దానికి తగలకూడదు.

పక్కనే తుమ్మచెట్టు మీద కాకమ్మ గూడు. పుల్లలు, తీగముక్కలు, విరిగిన చీపురు, ఏది దొరికితే అది పెట్టి కట్టుకుంది. వచ్చేవాళ్లు వచ్చేవారు, పోయేవాళ్లు పోయేవారు. కోకిల అయితే ఏకంగా గుడ్డే పెట్టి పోయింది.

"అదీ ఒక ఇల్లేనా కాకమ్మా! మా ఇంట్లోకి చీమైనా దూరలేదు," అని పిచ్చుక రోజూ మూతి తిప్పేది.

తొలకరి వానకే పిచ్చుక గూటికి చిల్లు పడింది. గుడ్లు తడిసిపోతున్నాయని అది గాభరాగా ఒక వరిపరక తెచ్చి చిల్లులో కుక్కింది. గిజిగాడు వచ్చి చూసి గుండెలు బాదుకున్నాడు.

"పరాయి పరక పెట్టావా తల్లీ! ఇక ఈ గూటికి నా పూచీ లేదు. కొత్తది తీసుకో. వాకిలి కుడివైపు కావాలా, ఎడమవైపు కావాలా? అంతా నీ ఇష్టమే!"

"మరి నా గుడ్లో?"

"పాత గూటివి కొత్త గూట్లోకి రావమ్మా."

పిచ్చుక ఏడుపు దిగమింగి, బాగా ఆలోచించి, ఎడమ వాకిలి ఎంచుకుంది. కాకమ్మ చూస్తోందని తల ఎగరేసింది.

"నా ఇష్టం అడిగే ఇచ్చాడు, చూశావా? పైగా ఇక్కడ కోకిల బెడద లేదు."

"నిజమేనమ్మా," అంది కాకమ్మ, తన పిల్లలతోపాటు కోకిల పిల్ల నోట్లోనూ పురుగు పెడుతూ. "కోకిల తన గుడ్డు పెట్టి పోయింది. నావి వదిలేసుకోమని మాత్రం అనలేదు."