ఛాతీ మీద కాలు

"ఆ కాలు తీసెయ్యి తమ్మీ. తేజస్ అట్ల చెయ్యడు."

వెనక నుంచి వినబడ్డ మాటకు రితేశ్ తిరిగి చూశాడు.

యాభై దాటిన మనిషి. నెరిసిన గడ్డం, చంకలో గుడ్డసంచి. కామాటిపురలో ఎన్నడూ చూసిన మొహం కాదు.

గణపతి పండుగ దగ్గర పడింది. గల్లీ మండలి కుర్రాళ్లు దెఖావా కడుతున్నారు. ఏటేటా దేవుడి ముందు పెట్టే బొమ్మల సన్నివేశమది. ఒక ఏడు కైలాసం పెట్టారు, ఒక ఏడు ఎర్రకోట. ఈసారి రితేశ్ పట్టుబట్టి 'గగన్‌గఢ్' పెట్టిస్తున్నాడు. అంతరిక్షంలో జరిగే టీవీ సీరియల్. హీరో కెప్టెన్ తేజస్. అతని తండ్రిని చంపినవాడు జారుక్.

జారుక్ బొమ్మ నేల మీద పడి ఉంది. దాని ఛాతీ మీద కాలు పెట్టి, నుదుటికి తుపాకీ ఆనించి తేజస్ బొమ్మ నిలబడింది.

"ఎవరు కాకా నువ్వు?"

"రాజమల్లు. ధారావి నుంచి వచ్చిన. బొంగులు కట్టేదుంటే కడ్త."

"కట్టు. ముందుగాల నోరు కట్టుకో, తర్వాత బొంగులు కట్టు."

అందరూ నవ్వారు. రాజమల్లు కూడా నవ్వాడు. కానీ వెదురు బొంగుల మీదికి ఎక్కాక ఉండబట్టలేకపోయాడు.

"ఆఖర్ల జారుక్ దొరికిండు కద. తేజస్ తుపాకి కింద పెట్టి పోనిచ్చిండు. అది పెట్టుండ్రి, మంచిగుంటది."

"అరె, అక్కడ్నే ఖరాబైంది సీరియల్! మొదట్ల ఎట్లుండె? కనబడ్డోన్ని కాలుస్తుండె. ఆఖరికి సాధువైండు. రాసినోనికి మతి లేదు."

"ఒక్క దినంల కాలే తమ్మీ. మొదట్ల చంపి నవ్వెటోడు. తర్వాత చంపినంక బువ్వ తినలేకపొయ్యిండు. ఆ తర్వాత తుపాకి ఎత్తితే చెయ్యి వణికింది. మెల్లమెల్లగ మారిండు. నువ్వు నడుమ నడుమ ఇడిసినవేమో. మా కాడ అందరికి ఒక్కటే టీవీ. నేను ఒక్కటి గూడ ఇడువలే."

రితేశ్ చేతిలోని సుత్తి కింద పడేశాడు.

"నాయిన్ను చంపినోన్ని పోనిచ్చే కొడుకుంటడా?"

రితేశ్ సంగతి ఆ గల్లీలో తెలియనివాడు లేడు. వాడు పాలు తాగే వయసులో, నిమజ్జనం ఊరేగింపు కొట్లాటలో, వాడి తండ్రిని ఒకడు పొడిచి చంపాడు. తల్లి రత్నాబాయి ఇళ్లలో అంట్లు తోమి వాణ్ని పెంచింది, చంపినవాడి పేరు మాత్రం వాడి చెవిన పడనివ్వలేదు. పెరిగినంత కాలం వాడిది ఒకే మాట, ఇప్పుడూ అదే అన్నాడు.

"వాడు నాకు దొరకాలె. ఇట్లనే తొక్కి చంపుత."

"చంపినోడు గూడ మారుతడేమో తమ్మీ..."

మాట పూర్తి కాలేదు. రితేశ్ అతని కాలు పట్టి కిందికి లాగాడు. మొదటి దెబ్బకు పెదవి చిట్లింది. తర్వాతిది కడుపులో పడింది. పెద్దవాడన్న ఇంగితం లేకపోయింది ఆ కుర్రాడికి. రాజమల్లు తిరిగి చెయ్యెత్తలేదు. మూతి తుడుచుకుని మళ్లీ తాడు అందుకున్నాడు.

'సిగ్గూశరం లేని ముసలోడు' అనుకున్నారు అంతా.

మధ్యాహ్నానికి పక్క గల్లీ మండలి వచ్చి పడింది. ముందర ప్రతీక్, వాడి చేతిలో కర్ర.

"గగన్‌గఢ్ మాది! మేం ముందు అనుకున్నం. తీసెయ్యుండ్రి!"

"చల్ హట్! నీ అయ్య జాగీరా?"

ప్రతీక్ కర్రతో తేజస్ బొమ్మ తల ఎగరగొట్టాడు.

ఏ గణపతి ముందు ఏ సీరియల్ పెట్టాలన్నదానికి మనుషుల తలలు పగలాలా? పగిలాయి. బొంగులు విరిగాయి, ట్యూబులైట్లు వీపుల మీద పేలాయి. ఒకడి చెవి తెగి రక్తం కారుతోంది. అయినా ఆగలేదు, దేవుడి పేరు చెప్పుకుని మరీ కొట్టుకున్నారు.

రితేశ్ ప్రతీక్‌ను కింద పడేసి, ఛాతీ మీద కాలేసి తొక్కిపట్టాడు. చేతికి ఇనుప రాడ్డు దొరికింది. రెండు చేతులా ఎత్తాడు. కింద ప్రతీక్ కళ్లు మూసుకున్నాడు.

"ఒద్దు బిడ్డా! జిందగీ మొత్తం కాలిపోతది!"

రాజమల్లు ఉరికొచ్చి ప్రతీక్ మీద బోర్లా పడ్డాడు.

రాడ్డు అప్పటికే అతని తల మీద దిగింది. కొబ్బరికాయ కొట్టిన చప్పుడైంది.

ఆసుపత్రిలో పోలీసు వచ్చి రాజమల్లు మంచం పక్కన నిలబడ్డాడు. ఎవరు కొట్టారని అడిగాడు. రితేశ్ గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

"ఎవ్వరు కొట్టలే సాబ్. బొంగుల మీదికెల్లి పడ్డ."

పోలీసు నమ్మలేదు. ప్రతీక్ వైపు తిరిగాడు. తలకు కట్టుతో ఉన్న ప్రతీక్ రితేశ్‌ను చూశాడు, మంచం మీది మనిషిని చూశాడు.

"పడ్డడు సాబ్. నేను చూసిన."

పోలీసు వెళ్లిపోయాక రితేశ్ మంచం మీద పడి ఏడ్చాడు.

"ఎందుకు కాకా? నేను నీకు ఏమైత?"

రాజమల్లు వాడి తల మీద చెయ్యి పెట్టాడు. కాసేపటికి ఆ చెయ్యి బరువెక్కి చల్లబడింది.

కొడుకును జైలు పాలు కాకుండా కాపాడిన పుణ్యాత్ముడెవరో ఉన్నాడని విని రత్నాబాయి పరుగున వచ్చింది. వస్తూనే ఆ పాదాలు కళ్లకద్దుకుంది. "ఏ తల్లి కన్నదో, దేవునోలె వచ్చిండు" అంటూ బోరుమంది.

మొహం చూద్దామని దుప్పటి తొలగించింది.

ఏడుపు ఆగిపోయింది.

"ఏందవ్వా? ఎరుకనా ఈయిన?" అడిగాడు రితేశ్.

రత్నాబాయి దుప్పటి కొసను చేతిలో అట్లే పట్టుకుంది.

"నిండు కోర్టుల వేలు పెట్టి చూపిచ్చింది నేనే బిడ్డా, మీ నాయిన్ను పొడిసింది ఈయిననే."