పెద్ద క్వామినా పరువు

సంకెళ్ళు వేసుకున్న బానిస చేతికి గడియారం ఉన్న సంగతి ముందు కనిపెట్టింది డైరెక్టరమ్మ కాదు, ఎబో టాండో.

"ఒరేయ్, టైమెంతయిందిరా?" అన్నాడు కుర్చీలోంచి. వాడు అమాయకంగా మణికట్టు చూసుకుని మరీ చెప్పాడు. షూటింగు చూస్తూ ఒడ్డున కూర్చున్న అనొమాబో ఊరి జనమంతా పొట్ట పట్టుకుని నవ్వారు.

డైరెక్టరు లొరెట్టాకి మాత్రం ఆయన మీద గౌరవం రెట్టింపయింది. ఆమెది అలబామా. ఆమె పూర్వీకులు ఈ తీరంలోనే ఎక్కడో బానిసలుగా ఓడెక్కారు. బానిసల వ్యాపారం మీద అబద్ధం లేని సినిమా తీయాలని పట్టుదల. అందరి ప్లాస్టిక్ చెప్పులూ విప్పించింది, టీకా మచ్చల మీద మట్టి పూయించింది. ఒక్క పాత్రకే మనిషి దొరకలేదు. లోపలి ఊళ్ళ నుంచి మనుషుల్ని తెచ్చి తెల్లవాళ్ళకి అమ్మిన ఇక్కడి వర్తకుడి పాత్ర అది.

"ఆ పాడుపని మావాళ్ళు చెయ్యలేదమ్మా. అదంతా పక్క ఊరివాళ్ళు" అన్నారు అందరూ. పక్క ఊరికి వెళ్తే, వాళ్ళు ఈ ఊరి వైపే వేలు చూపించారు.

అప్పుడు లేచాడు ఎబో. "ఎందుకీ దొంగ మాటలు? అమ్మింది మా పెద్ద క్వామినా. మా అమ్మ వైపు మూలపురుషుడు. అంతటి మొనగాడు ఈ తీరంలో మళ్ళీ పుట్టలేదు."

కుటుంబ పెద్ద అంత మాట అనేసరికి జనానికి ఎటు చూడాలో తెలియలేదు. ఒకడికి దగ్గొచ్చింది. ఇంకొకడు ఉన్నట్టుండి వల బాగుచేసుకోసాగాడు. పిరికి సన్నాసులు, అనుకున్నాడు ఎబో.

ఏరు మూలం, ఋషి మూలం అడగకూడదంటారు. ఈ ఊళ్ళో అయితే ఏ మనిషి మూలమూ ఇంకొకరు బయటపెట్టకూడదు. తాతల నాటి కట్టడి. మీరితే తప్పు కింద గొర్రెను ఇచ్చుకోవాలి. సినిమావాళ్ళు దిగిన రోజే దండోరా కూడా వేశారు. ఎవరి గురించి వాళ్ళు చెప్పుకోవడానికి మాత్రం అడ్డు లేదు. ఎబో చెప్పుకున్నది తన గురించే కదా.

వేషం ఆయనకే ఇచ్చారు. ఇక పట్టపగ్గాల్లేవు. పెద్ద క్వామినా ఇంత నాసిరకం బట్ట కట్టడన్నాడు. గొడుగు పట్టేవాడు లేకుండా గడప దాటడన్నాడు. గొడుగు తెచ్చారు. దాని మీద ఏదో సబ్బు కంపెనీ పేరుందని మళ్ళీ తనే వెనక్కి పంపాడు. రేపు ఈ సినిమాని లోకమంతా చూస్తుంది. పెద్ద క్వామినా పేరు నిలవాలి, ఆయన వంశం ఇంకా వెలుగుతోందని నలుగురికీ తెలియాలి. ఎబోకి కావలసింది అదొక్కటే.

చివరి రోజున వచ్చింది గొడవ. ఆ రోజు సీనులో సంకెళ్ళవాళ్ళంతా పడవలెక్కి ఓడ దగ్గరికి వెళ్తారు. ఒక్క పిల్ల మిగులుతుంది. ఒళ్ళు కాలిపోతున్న పిల్లని ఓడవాళ్ళు వద్దంటారు. పెద్ద క్వామినా దాన్ని తన వంటింట్లోకి పంపేస్తాడు.

"ఇదెవరి పైత్యం?" అన్నాడు ఎబో.

"అరబా అవ్వ చెప్పింది. పేర్లు చెప్పలేదు. అలా ఒక పిల్ల మిగిలిపోయిందని మాత్రం అంది" అంది లొరెట్టా.

అరబా అవ్వ ఎబో కుటుంబంలో అందరికంటే ముసలిది. పందిరి కింద కూర్చుని, ఆకులో చుట్టి ఉడికించిన మొక్కజొన్న పిండి కెంకీ ముద్ద విప్పుకుంటోంది. ఎబో ఆమె మీదికి వెళ్ళాడు.

"ఏమవ్వా, పెద్ద క్వామినా పుచ్చు సరుకు కొనే మనిషా? ఓడవాళ్ళు తోసేసిన పిల్లని ఇంట్లో పెట్టుకున్నాడా? వింటే నవ్వరూ?"

"ఉండనియ్యి నాయనా. ఓ మూల పడుంటుంది. నీకేం అడ్డు?"

"అడ్డే. చరిత్రంటే చరిత్రే."

"నీ కాళ్ళు పట్టుకుంటాను ఎబో. ఆ పిల్లని మాత్రం పంపకు."

ఎబోకి ఒళ్ళు మండింది. ఊరూ పేరూ లేని ఓ జ్వరం పిల్ల కోసం ఇంటి ముసలమ్మే ఇంటి పరువు తీస్తుందా? తలపాగా తీసి కుర్చీలో పడేశాడు.

"ఆ పిల్ల ఓడెక్కాలి. లేదంటే నేనింటికి పోతాను. అమ్మేవాణ్ణి పక్క ఊళ్ళో వెతుక్కో తల్లీ" అన్నాడు లొరెట్టాతో.

లొరెట్టా వెళ్ళి అవ్వ ముందు కూలబడింది. "నువ్వైనా నిజం చెప్పవ్వా. ఆ పిల్ల ఎవరు? తర్వాత ఏమైంది?"

అవ్వ ఇంత కెంకీ ముద్ద నోట్లో కుక్కుకుంది. నోటినిండా ముద్ద ఉన్న మనిషిని ఎవరేం అడుగుతారు?

పొద్దు వాలుతోంది. పడవలవాళ్ళు చేపల వేటకి పోవాలని తొందరపెడుతున్నారు. ఊరంతటిలోకీ దాచకుండా మాట్లాడింది ఈ ఒక్క పెద్దమనిషే అనుకుని, లొరెట్టా చివరికి తలూపింది.

కెమెరా తిరిగింది. వర్తకుడు దర్జాగా వేలు చూపించాడు. పిల్ల పడవెక్కింది. పడవ అలలు దాటిపోయింది. ఎబో గొడుగు నీడలో ఛాతీ విరుచుకుని, చప్పట్ల కోసం జనం వైపు తిరిగాడు. ఒక్కరూ కొట్టలేదు. అసూయ, అనుకుని తలపాగా సర్దుకున్నాడు.

పందిరి కింద అరబా అవ్వ ముద్ద మింగి, పక్కనున్న మాన్సా ముసలమ్మ చెవి దగ్గరికి వంగింది.

"ఆ పిల్ల కాస్తా ఓడెక్కిపోయిందిగా, ఇక మన ఎబో ముత్తవ్వ తల్లిని ఎవరు కంటారే?"